మైల పెట్ట కాళ్లు

పోస్టు పొడుగ్గా ఉంటది, ముందే చెప్తున్నాం. ఇది ఒక కోడి గురించి. రాసేది ఒకరే అయినా, దాన్ని చూసుకుంది మా ఇంట్లో నలుగురం: అవ్వ, అమ్మ, తమ్ముడు, సెలవులకి హాస్టల్ నుంచి వచ్చిన ఈ రాసే మనిషి. అందుకని మేము అనే రాస్తున్నాం.

మాది పర్చూరు వైపు. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. జిల్లా పేరు మారింది గానీ నల్లరేగడి అదే, పత్తి అదే, మిరప అదే. మా యానాది కాలనీ ఊరికి ఓ పక్కన, చేలకి ఆనుకుని ఉంటది. మా వెనక గోడ దాటితే మిరపచేను గట్టు. గోడ అంటే గోడ కాదు, కంప. కోళ్లకి అది అడ్డం కాదు.

కోడి అంటే మన ఇళ్లల్లో ఏందో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు. లంబాడీ తండాలో అయినా, ఎరుకలోళ్ల ఇంట్లో అయినా, చెంచు గూడెంలో అయినా ఆడోళ్ల చేతిలో ఉండే డబ్బు అదే. మొదటి ఏడాది పరీక్ష ఫీజు మా అమ్మ రెండు పెట్టల్ని అమ్మి కట్టింది. స్కాలర్‌షిప్ వచ్చేది వస్తది, ఫీజు తారీకు దాని కోసం ఆగదు గదా. అప్పుడు అమ్మకుండా ఉంచుకున్న పెట్ట ఇది. ఎరుపూ నలుపూ బూడిదా కలిసిన రంగు. పందెంకోళ్లోళ్లు ఆ రంగుని మైల అంటారు. ఊళ్లో ఆ మాటకి ఇంకో అర్థం ఉంది, దాన్ని మన మీద వాడటం మనలో చాలామందిమి విన్నాం. పేరు పెట్టింది తమ్ముడు. వాడికి రంగే తెలుసు. మైల అని పిలిస్తే ఎక్కడున్నా రెక్కలు విదిలించుకుంటా వచ్చుద్ది.

సంక్రాంతి సెలవుల్లో ఒక సాయంత్రం మైల పిలిస్తే రాలేదు. తమ్ముడు వెతికితే గట్టు కింద కూలబడి ఉంది. నోట్లోంచి చొంగ తీగలా కారతా ఉంది. కళ్లల్లో నీళ్లు. ఒళ్లంతా సన్నగా వణుకు. నీళ్లలాంటి పచ్చటి రెట్ట. నిలబెడితే నిలబడి ముందుకి తూలింది.

కాలనీలో పది మంది వచ్చి చూశారు. పది మందీ ఒకటే మాట, కొక్కెర. మన దగ్గర కోడికి ఏమొచ్చినా కొక్కెరే. పుస్తకాల్లో దాన్ని రాణిఖేత్ వ్యాధి అంటారు, ఇప్పుడు ఉత్తరాఖండ్‌లో ఉన్న కొండ ఊరి పేరు అది. ఇంగ్లండోళ్లు 1926లో తమ దగ్గర కనిపించిన ఊరి పేరుతో న్యూకాసిల్ అంటారు. ఏ ఊరి పేరు పెట్టినా రోగం ఒకటే: పచ్చరెట్ట, నోరు తెరిచి గురకగా ఊపిరి, మెడ మెలితిరగడం, కాళ్లు పడిపోవడం. వస్తే ఒక్కదానితో పోదు, గంప కింద ఉన్నవన్నీ వరసగా పోతాయి. మా అవ్వకి అక్కడే అనుమానం వచ్చింది. మిగతా ఏడు కోళ్లూ పెంటకుప్ప మీద హాయిగా గీరుకుంటన్నాయి. "కొక్కెర అయితే దీనికొక్కదానికే వచ్చుద్దా? దానికేమన్నా చుట్టరికమా?" అంది. అవ్వ బడి మొహం చూడలేదు. డాక్టరు మర్నాడు అడిగిన మొదటి ప్రశ్న మాత్రం అదే: ఇంకెన్ని పడ్డాయి?

మా మావ కత్తి తెచ్చాడు. చచ్చాక పనికిరాదు, ఊపిరి ఉండగానే కోసేస్తే కూరన్నా వచ్చుద్ది అన్నాడు. ఆయన్ని తప్పు పట్టేదేం లేదు. అందరం అట్టా తిని పెరిగినవాళ్లమే, పండక్కి మటన్ కొనే ఇళ్లు కావు మనవి. అమ్మ కూడా కాసేపు ఊగిసలాడింది. ఏడుపుతో ఆపింది తమ్ముడు. మేము ఆపింది వేరే కారణంతో. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లని గోతుల్లో పూడ్చారు. ఆ మార్చిలో పల్నాడు జిల్లాకి చెందిన రెండేళ్ల పాప అదే జబ్బుతో మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. అది మాకు దూరం సంగతి కాదు. ఏం రోగమో తెలియకుండా కోస్తే ఆ రక్తం కడిగేది అమ్మ, పక్కన కూర్చుని ఈకలు పీకేది పిల్లలు. "ఏం రోగమో తెలిసిందాకా కత్తి పెట్టొద్దు మావా" అన్నాం. "చదువుకున్నోళ్ల ఇంట్లో కూర కూడా కుదరదు" అని నవ్వుతా పోయాడు. కొంచెం కోపం కూడా ఉంది ఆ నవ్వులో.

ఆ రాత్రి మైలని మిగతావాటికి దూరంగా వేరే గంప కింద పెట్టాం. చేతులకి ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని కాళ్లూ ఈకలూ సబ్బునీళ్లతో తుడిచాం, ఎందుకంటే దగ్గరికి తీసుకుంటే మందు వాసన కొట్టింది. మన వైపు మందు అంటే పురుగుమందే. ఒంటికి వేసుకునేదాన్ని బిళ్ల అంటాం, సూది అంటాం.

పొద్దున్నే సంచిలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి ఆటోలో పోయాం. అక్కడున్న ఒకాయన "కోడికి ఆటో కట్టుకొచ్చారా" అని నవ్వాడు. డాక్టరుగారు నవ్వలేదు. నోరు తెరిచి చూశారు, మెడ కింద మేత సంచి నొక్కి చూశారు, గుడ్డు ఇరుక్కుందేమోనని కడుపు తడిమారు. ఊపిరి తీరు చూశారు. చివరికి అడిగారు: "చేలో ఎప్పుడు మందు కొట్టారు?" ఆ ముందు రోజు పొద్దున కొట్టారు. సాయంత్రానికి పురుగులు రాలి గట్టు పొడుగూతా పడి ఉంటాయి. కోడికి అంతకన్నా విందు ఏముంది? మిగతావి పెంటకుప్ప దాటవు. మైలకి ధైర్యం ఎక్కువ, అది ఒక్కటే కంప దూరి పోయింది.

అట్రోపిన్ సూది వేశారు. మేము చదివేది బీఎస్సీ జువాలజీ కాబట్టి ఆ పేరు వినగానే రెండో సెమిస్టర్ పాఠం గుర్తొచ్చింది. నరం కండరానికి కబురు చెప్పేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో. కబురు అందాక దాన్ని తుడిచేసే ఎంజైము ఒకటి ఉంటది. ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు ఆ తుడిచేదాన్ని పట్టేసుకుంటాయి. ఇంక కబురు ఆగదు. చొంగ ఆగదు, కన్నీళ్లు ఆగవు, విరేచనం ఆగదు, కండరం వణుకు ఆగదు. పురుగు చచ్చేదీ అట్టాగే, కోడి వణికేదీ అట్టాగే, మనిషి ఆసుపత్రిలో పడేదీ అట్టాగే. అట్రోపిన్ ఆ కబురుని అవతలి గడప దగ్గర అడ్డుకుంటది. అవ్వకి ఇది చెప్తే, "ఉమ్మెత్త లాంటిదా?" అంది. అదే జాతి. ఉమ్మెత్తలోనూ అట్రోపిన్ ఉంది. కానీ ఏ కాయలో ఎంత ఉందో ఎవరూ కొలవలేరు, కాబట్టి ఇది చదివి ఎవరూ ఉమ్మెత్త నూరి పోయకండి. అవ్వే చెప్పింది, "పిచ్చెక్కి చచ్చుద్ది" అని.

డాక్టరుగారు మందు పేరు కనుక్కోమన్నారు. అమ్మ ఆసామి దగ్గరికి పోవడానికి జంకింది. ఆ చేలోనే అమ్మకి కాయకోత పని. అడిగితే నష్టపరిహారం అడుగుతుందనుకుంటాడేమో, రేపటి నుంచి ముఠాలో పేరు తీసేస్తాడేమో. అనుకున్నట్టే ఆయన మొదట, "ఏమ్మా, కోడి డబ్బులు నా మీద వేస్తావా?" అన్నాడు. "అట్టాంటిదేం లేదయ్యా, డాక్టరు అడిగాడు" అంది అమ్మ. అప్పుడు తనే మోటారు షెడ్డులోంచి డబ్బాలు తెచ్చి చూపించాడు. ఆయనా కౌలుకి చేసేవాడే. 2021లో నల్ల తామరపురుగు దిగినప్పటి నుంచి మిరప పువ్వులో పువ్వు ఉండట్లేదు, వారానికి ఓసారి కొట్టాల్సి వస్తందని చెప్పాడు. మూడు రకాలు ఒకే ట్యాంకులో కలిపి కొట్టాడు. ఒకదాని లేబుల్ చిరిగిపోయింది. ఒకటి నీలం త్రికోణం. మూడోదాని మీద పసుపు త్రికోణం, క్లోరిపైరిఫాస్. ఫొటోలు తీసుకున్నాం.

ఆ త్రికోణం సంగతి తెలియనివాళ్లుంటే: ఎరుపు అన్నిటికన్నా ఎక్కువ విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, తర్వాత ఆకుపచ్చ. అక్షరం రాకపోయినా రంగు తెలుస్తది. అవ్వకి ఒక్కసారి చెప్తే చాలు, వచ్చిపోయే ప్రతి డబ్బాకీ రంగు చెప్తంది ఇప్పుడు. డబ్బా లోపల మడిచి పెట్టే కాగితం మాత్రం ఎంత కళ్లు చిట్లించినా చదవలేం, అంత సన్న అక్షరాలు. ఎవరి కోసం అచ్చేస్తారో.

మూడు రోజులకి మైల లేచింది. నూకలు తింది. పుంజుని పొడిచింది. మేము హాస్టల్‌కి వచ్చేశాం. ఇంతవరకే అయితే ఈ పోస్టు రాసేవాళ్లం కాదు.

దాదాపు రెండు వారాలకి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మైల కాళ్లు పనిచేయట్లేదు." వీడియో కాల్‌లో చూశాం. తల నిటారుగా ఉంది, కళ్లు చురుగ్గా ఉన్నాయి, ముందు పెడితే గింజ టకటకా తింటంది. చొంగ లేదు, వణుకు లేదు, రెట్ట మామూలుగానే ఉంది. కానీ మోకాళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుని, లేవబోతే వేళ్లు ముడుచుకుపోయి పక్కకి ఒరిగిపోతంది. మిగతా ఏడింటికీ ఏమీ లేదు. మైల మళ్లీ చేలోకి పోలేదు, తమ్ముడు కంప దగ్గర పాత చీర కట్టేశాడు. మరి కొత్తగా ఇదేంది?

ఈసారి కాలనీలో కొక్కెర అన్నవాళ్లు తగ్గారు, గాలి సోకింది అన్నవాళ్లు పెరిగారు. పండక్కి మొక్కిన కోడిని కొయ్యకుండా ఉంచుకున్నారని ఒకావిడ అంది. మేము మొక్కనే లేదు. డాక్టరుగారికి ఫోన్ చేస్తే మారెక్స్ అనే జబ్బు సంగతి చెప్పారు. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి చాపి పడుకుంటాయట, కానీ అది ఎక్కువగా పెరిగే వయసు కోళ్లకి, నాలుగైదు నెలల లోపు వాటికి వచ్చుద్దట. మైలకి రెండేళ్లు దాటాయి, రెండు కాళ్లూ ఒకటే తీరుగా పోయాయి. "తీసుకురండి, చూద్దాం" అన్నారు.

ఇక్కడ కాలేజీలో మా మేడమ్‌ని అడిగితే ఒక పాత టాక్సికాలజీ పుస్తకం చేతిలో పెట్టి, "ఆర్గానోఫాస్ఫేట్ చాప్టర్ ఆఖర్న చూడండి" అన్నారు. రాత్రి రూములో నలుగురం కూర్చుని చదివాం. చదివే కొద్దీ మాకు మాట రాలేదు.

కొన్ని ఆర్గానోఫాస్ఫేట్‌లకి రెండో దెబ్బ ఉంటదట. మొదటిది అదే రోజు, అది అందరికీ కనపడేది. రెండోది ఒకటి నుంచి మూడు వారాల తర్వాత. మనిషి బాగయ్యాడు అనుకున్నాక. ఈసారి పట్టుకునేది వేరే ఎంజైముని. పొడుగు నరాలు కొసల నుంచి వెనక్కి ఎండుకుంటా వస్తాయి. ఒంట్లో అన్నిటికన్నా పొడుగు నరాలు కాళ్లవి, అందుకని ముందు పాదాలు. తిమ్మిరి, తర్వాత బలం తగ్గడం, ఎక్కువైతే నడక పోవడం. దీనికి అట్రోపిన్ పనిచేయదు.

లోకానికి ఇది తెలిసింది పురుగుమందుతో కాదు. 1930లో అమెరికాలో, సారా నిషేధం ఉన్న కాలంలో, పేదోళ్లు మత్తు కోసం తాగే ఒక అల్లం టానిక్కులో కల్తీగా ఒక ఫాస్ఫేట్ రసాయనం కలిపారు. వేల మందికి కాళ్లు పడిపోయాయి. మన దేశంలోనూ 1988లో కలకత్తా బేహాలాలో కల్తీ వంటనూనె తిని వందల మందికి ఇదే వచ్చింది. ఆ అమెరికా కల్తీ ఏందో తేల్చడానికి జంతువుల మీద ప్రయోగాలు చేస్తే, మనిషిలాగే కాళ్లు పడిపోయినవాటిలో కోడి ఉంది. ఎలుకకి అంత తేలిగ్గా కనపడదు. అందుకని ఇప్పటికీ ఈ జాతి రసాయనాలకి ఈ గుణం ఉందా లేదా అని పరీక్షించేది కోడిపెట్ట మీదే. అంతర్జాతీయ పద్ధతిలో రాసి ఉంది: పెట్టకి మందు ఇచ్చి, 21 రోజులు దాని నడక చూడాలి.

మా తమ్ముడు చేసింది అదే గదా. వాడు ఏడో తరగతి. సంక్రాంతి నుంచి రోజూ దాని నడక చూస్తానే ఉన్నాడు.

శనివారం ఇంటికి పోయి మైలని మళ్లీ తీసుకెళ్లాం. పుస్తకంలో పేజీ ఫోటో చూపిస్తే డాక్టరుగారు చాలాసేపు చదివారు. గుడ్డు ఇరుక్కోలేదు, ఎముక విరగలేదు, కొక్కెర గుర్తులు లేవు. కొన్ని మందులు ఒంటికి ఎక్కువ మోతాదులో పడితే ఇట్టా జరగొచ్చని, మూడు కలిపి కొట్టినదాంట్లో ఏది చేసిందో చెప్పలేమని అన్నారు. కచ్చితంగా తేలాలంటే కోడిని చంపి నరం కోసి మైక్రోస్కోపు కింద చూడాలి. తమ్ముడు సంచి మూతి బిగించి పట్టుకున్నాడు. ఆయన నవ్వి, బి కాంప్లెక్సు రాసిచ్చి, "దీనికి సూది కన్నా సేవ ముఖ్యం" అన్నారు. మాంసం తినొద్దు, గుడ్లు కూడా తాను చెప్పిందాకా తినొద్దు, అమ్మొద్దు అన్నారు.

ఆ సేవ ఎట్టా చేశామో కొంచెం వివరంగా రాస్తాం, ఎవరికన్నా పనికొస్తది. కోడి ఒకే చోట కూర్చుంటే రొమ్ము కింద పుండు పడతది. గోతాం మీద వరిగడ్డి మెత్తగా వేసి, తడిసినప్పుడల్లా మార్చాలి. రోజుకి నాలుగైదు సార్లు పక్క మార్చాలి. కింద రెట్ట అంటుకుంటే గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టాలి, లేకపోతే ఈగలు గుడ్లు పెట్టి పురుగు పడతది. నీళ్లు లోతు తక్కువ మూతలో పెట్టాలి, ముక్కు మునిగేంతే. మిగతా కోళ్లు పొడవకుండా వేరుగా ఉంచాలి, కానీ అవి కనపడేట్టు ఉంచాలి. ఒంటరిగా పెడితే మేత మానేసింది, కనపడేట్టు పెడితే తింది. తమ్ముడు బియ్యం సంచికి రెండు బొక్కలు చేసి కాళ్లు దూర్చి, నాలుగు మూలలా తాడు కట్టి దూలానికి వేలాడదీశాడు. ఉయ్యాల. పాదాలు నేలకి ఆనీ ఆననట్టు ఉంటాయి. పూటకి పావుగంట అందులో ఉంచితే కాళ్లు ఆడించడానికి చూసుద్ది. కాలనీ పిల్లలందరికీ అదే సినిమా.

గుడ్లే పెద్ద గొడవ అయింది. మైల కాళ్లు లేకపోయినా గుడ్లు మానలేదు. రోజు విడిచి రోజు ఒక గుడ్డు, గుంట తీసి పూడ్చడం. అవ్వ ప్రాణం ఒప్పుకోలేదు. 1987లో తెల్లదోమ వచ్చి పత్తి మొత్తం పోయి, ఈ చుట్టుపక్కల రైతులు అదే పురుగుమందు తాగి చచ్చిపోయిన ఏడు ఆమెకి గుర్తే. కూలి లేదు, ఇంట్లో గింజ లేదు. "ఆ ఏడు ఒక్క గుడ్డుని నలుగురికి పంచాను, మీరు గుడ్డుని పాతిపెడతన్నారు" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు. పూడ్చడం మాత్రం మానలేదు.

మావ ఒకరోజు వచ్చి ఉయ్యాలలో మైలని చూసి చాలాసేపు ఊరికే నిలబడ్డాడు. కత్తి మాట ఎత్తలేదు. "కోసుంటే ఆ విషం మనం తినేవాళ్లమా?" అని అడిగాడు. మేత సంచిలో ఉన్న పురుగులతో సహా, అన్నాం. మావ మిరపచేలకి మందు కొట్టే కూలికి పోతాడు. తైవాన్ పంపు వీపున వేసుకుని, లుంగీ ఎగ్గట్టి, కాళ్లకి చెప్పులు కూడా లేకుండా. ట్యాంకు కారితే వీపంతా తడుస్తది. వేడి చేసింది అని మజ్జిగ తాగి పడుకుంటాడు.

అమ్మ సంగతి ఇప్పటిదాకా రాయలేదు. రెండేళ్ల నుంచి కోతల కాలం అయ్యేసరికి అమ్మకి పాదాలు తిమ్మిరి. చెప్పు జారిపోయినా తెలియదు. ఆర్‌ఎంపీ రక్తం తక్కువ అని బిళ్లలు ఇస్తన్నాడు. రక్తం తక్కువ అయ్యుండొచ్చు, షుగరు అయ్యుండొచ్చు, విటమిను తక్కువ అయ్యుండొచ్చు, తిమ్మిరికి కారణాలు బోలెడు. కోడికి వచ్చింది కాబట్టి అమ్మకీ అదే అని మేము అనట్లేదు. కానీ మందు కొట్టిన ఎన్నో రోజున కోతకి దిగావు అని అమ్మని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగితే లెక్క చెప్పింది: మూడో రోజు, ఒక్కోసారి మర్నాడే. చేతులకి ఏమీ ఉండవు. అన్నం తినేముందు చెయ్యి కడగడానికి నీళ్లు ఉండేది కూడా ఆ మోటారు షెడ్డు దగ్గరే, మందు కలిపే డ్రమ్ము పక్కన.

ఇప్పుడు ఫిబ్రవరి ఆఖరు. మైల ఎడమ కాలి వేళ్లు కర్ర పెడితే పట్టుకుంటన్నాయి, కుడివి ఇంకా లేదు. రెక్కలు ఊతగా పెట్టుకుని గడప దాకా జరుగుతది. తమ్ముడు గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీస్తన్నాడు, లేచి నిలబడ్డ రోజుకి గీత పక్కన చుక్క. ఐదు చుక్కలు ఉన్నాయి. కోతలకి అమ్మ ఇప్పుడు పాత సాక్సులు చేతులకి వేసుకుని పోతంది, మొదటి రోజు ముఠా అంతా నవ్వారంట. సాక్సు తడిస్తే మందుని ఇంకా పట్టి ఉంచుద్దని చెప్పాం, రబ్బరు గ్లౌజులు రెండు జతలు గుంటూరులో కొని పంపాం.

వచ్చే సోమవారం అమ్మని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తన్నాం. ఒకరోజు కూలి పోతదని గొణుగుతానే ఒప్పుకుంది. డబ్బాల ఫొటోలు, ఏ తారీకున మందు కొట్టారు, ఏ తారీకున అమ్మ కోతకి దిగింది అని తమ్ముడు నోటుబుక్కులో రాసిన పేజీ, రెండూ పట్టుకుపోతన్నాం. గ్రూపులో నర్సింగ్, అగ్రికల్చర్, వెటర్నరీ చదివేవాళ్లు ఉంటే ఇంకా ఏం అడగాలో కింద రాయండి. ఆదివారం రాత్రి దాకా చూస్తా ఉంటాం.